తాళంచెవి ఎవరి దగ్గరుంది?

చిన్న ఊళ్లలో మ్యూజియాలు జీతాలతో పుట్టవు, ఇష్టంతో పుడతాయి. కానీ తలుపు రోజూ తెరుచుకోవాలన్నా, ఇవాళ ఇచ్చిన వస్తువు పదేళ్ల తర్వాత కూడా కనపడాలన్నా ఆ ఇష్టమొక్కటే సరిపోతుందా? గోదావరి ఒడ్డున వందేళ్ల అనుభవం ఏం చెబుతోంది?

ఆలమూరు చుట్టుపక్కల ఏ పాత మండువా ఇంటి అటక ఎక్కినా సగం మ్యూజియం కనిపిస్తుంది. కుంచం, అడ్డ, మానిక, సోల, గిద్దె... ఒకదాంట్లో ఒకటి పెట్టిన కొలపాత్రలు. తాళం తుప్పుపట్టిన భోషాణం. ఇద్దరు పట్టినా లేవని గంగాళం. ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట. అందులో ఉన్నది పురాణమో, వైద్యమో, ముహూర్తాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతగారి తాతగారిదని మాత్రం తెలుసు. లంక గ్రామాల్లో అయితే వీటికి పాత పడవ తెడ్డు, వలకు కట్టే గుండ్లు తోడవుతాయి.

ఇల్లు పడగొట్టి డాబా వేసే రోజున వీటన్నిటికీ కాలం చెల్లుతుంది. ఇత్తడి కిలోల లెక్కన వెళ్లిపోతుంది. కర్ర సామాను పొయ్యిలోకి పోతుంది. తాటాకుల్ని పారేయడానికి మనసొప్పక గోదారిలో కలిపేవాళ్లూ ఉన్నారు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో ఎవరో ఒకరికి అనిపిస్తుంది. వీటిని ఒకచోట చేర్చి పెడితే బాగుంటుందని. ఆ ఎవరో ఒకరు సాధారణంగా రిటైరైన మేష్టారే అయి ఉంటారు. ఆలమూరు మండలంలో మేష్టార్లకు కొదవా? బడుగువానిలంకకు ఉపాధ్యాయుల ఊరన్న పేరే ఉంది. పక్కనే చింతలూరు. ఆ పేరు చెప్పగానే ఆయుర్వేదం గుర్తొస్తుంది. చెప్పుకోవడానికి చరిత్ర ఉంది. చెప్పగలిగే మనుషులున్నారు. ఇక కావలసింది ఓ గది, నాలుగు బీరువాలు.

అవీ దొరుకుతాయి. బడిలోనో, గ్రంథాలయంలోనో, గుడి సత్రంలోనో గది ఇస్తారు. ఎవరో బీరువాలు కొనిస్తారు. రిబ్బన్ కత్తిరిస్తారు. మొదటి ఏడాది పిల్లలు వరసలు కట్టి వస్తారు. రెండో ఏడాది ఆదివారాలు మాత్రమే తెరుస్తారు. మూడో ఏడాది మేష్టారు ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గరికి వెళతారు. ఎవరైనా చూడ్డానికొస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న... తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు. జీతగాళ్లు చేయాల్సిన పనిని ఇష్టమున్నవాళ్ల మీద వదిలేసిన చిన్న మ్యూజియాలన్నిటికీ ఏదో ఒక రోజు ఎదురయ్యేదే. దీన్ని అర్థం చేసుకోవడానికి విదేశాలదాకా వెళ్లక్కర్లేదు. ఆలమూరు నుంచి ఓ పక్క రాజమండ్రి, ఇంకో పక్క కాకినాడ. రెండుచోట్లా ఈ కథ ఒకసారి జరిగింది.

ప్లీడర్లు, మేష్టార్లు కలిసి...

1922. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం జరిగి 900 ఏళ్లయిన సందర్భం. ఆ ఉత్సవాల ఊపులోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. అందులో ఉన్నవాళ్లెవరు? పురావస్తు శాఖ ఉద్యోగులు కారు. రాళ్లబండి సుబ్బారావు ఆర్ట్స్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవారు. భావరాజు వెంకట కృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. పగలు కాలేజీ, కోర్టు. మిగిలిన సమయమంతా శాసనాలు, నాణేలు, తామ్రపత్రాలు.

ఆ ‘మిగిలిన సమయం’లో వాళ్లు చేసిన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పట్టాభిషేక సంచిక తెచ్చారు. 1926 నుంచి ఇంగ్లిషులో పరిశోధన పత్రిక నడిపారు. ఊళ్లలో బయటపడిన రాగిరేకుల్ని చదివి, అచ్చువేసి, దేశంలోని చరిత్రకారులందరి ముందూ పెట్టారు. 1935లో కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక వెలువడ్డాయి. తెలుగువాళ్ల చరిత్ర మీద ఇప్పుడు పరిశోధన చేసేవాళ్లు కూడా ఆ సంపుటాల దుమ్ము దులపక తప్పదు. విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పనిని ఓ ఊళ్లో కొందరు సొంత ఇష్టంతో చేసి చూపించారన్నమాట.

పరిశోధన సాగేకొద్దీ వస్తువులూ పోగయ్యాయి. విగ్రహాలు, శాసనాలు, నాణేలు, పాత్రలు. వ్యాసం ఒకసారి అచ్చయితే దాని పని అయిపోయినట్టే. వస్తువు అలా కాదు. దాన్ని రోజూ చూసుకోవాలి. తుడవాలి, కాపలా కాయాలి, అడిగినవాళ్లకు చూపించాలి. వ్యాసం రాసిన పెద్దమనిషి వెళ్లిపోయినా విగ్రహం అక్కడే ఉంటుంది. ఆ బాధ్యత చివరికి ప్రభుత్వానికే చేరింది. సుబ్బారావు సేకరణతో 1967లో రాష్ట్ర పురావస్తు శాఖ రాజమండ్రిలో మ్యూజియం ఏర్పాటు చేసింది. గోదావరి గట్టున ఉన్న ఆ మ్యూజియానికి ఆయన పేరే.

ముక్తేశ్వరం బిడ్డ కట్టిన పరిషత్తు

కాకినాడ కథ ఇంకా పాతది. కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. సాహిత్యం, శాసనాలు ఆయనకు ప్రాణం. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు ముందు నిలిచింది ఆయనే. తర్వాత అది కాకినాడకు మారింది. ఊరూరా ఇళ్లలో మూలుగుతున్న తాళపత్రాలను పరిషత్తు పోగుచేసింది. వేల సంఖ్యలో చేరాయవి.

ఇక్కడొక సంగతి గమనించాలి. పరిషత్తు తలపెట్టిన పెద్దపని సూర్యరాయాంధ్ర నిఘంటువు. దానికి పిఠాపురం మహారాజా అండగా నిలిచారు. ఆయన పేరే నిఘంటువుకు పెట్టారు. పండితులు కూర్చుని, ఏళ్ల తరబడి మాట మాటా చూసుకుంటూ చేసిన పని అది. మొదటి సంపుటం వచ్చేసరికే 1936 అయింది. సభలు పెట్టడానికి ఉత్సాహం చాలు. తాళపత్రాలు అడిగి తేవడానికీ చాలు. కానీ ‘అ’ నుంచి మొదలుపెట్టి చివరిదాకా పోవాలంటే రోజూ కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషి ఇల్లు గడవాలి. ఆ తేడా తెలిసింది కాబట్టే నిఘంటువు పూర్తయింది.

పరిషత్తు మ్యూజియాన్ని 1973లో ప్రభుత్వం తీసుకుంది. రాజమండ్రికీ దీనికీ మధ్య తేడా ఆరేళ్లే. రెండూ స్వచ్ఛందంగా పుట్టినవే. రెండూ ఒక తరం దాటాక సర్కారు గూటికి చేరినవే.

దీన్ని ఓటమి అనుకోవాలా? అక్కర్లేదు. ఆ ప్లీడర్లు, మేష్టార్లు, పంతుళ్లు లేకపోతే సర్కారు తీసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. అలాగని వాళ్లు చేసినట్టే ఎప్పటికీ నడిచేదీ కాదు. పుట్టించేవాళ్లు వేరు, పెంచేవాళ్లు వేరు. మొదటి పని ఇష్టంతో అవుతుంది. రెండోదానికి ఓ బాధ్యుడు కావాలి.

మహారాష్ట్రలోనూ అంతే. పుణేలో దినకర్ కేల్కర్ అనే ఆయన జీవితమంతా తిరిగి దీపాలు, అడకత్తెరలు, వంటపాత్రలు, వాద్యాలు పోగుచేశారు. 20 వేలకు పైగా వస్తువులున్న ఆ సేకరణను 1975లో మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. మనుషులు మారినా వస్తువులకు దిక్కుండాలన్నదే ఈ అప్పగింతలన్నిటి వెనకా ఉన్న ఆలోచన.

ఇంతకీ ఏమిటా పని?

మ్యూజియంలో ఉద్యోగి ఏం చేస్తాడని అడిగితే చాలామంది టిక్కెట్లు చింపుతాడంటారు. లేదంటే కుర్చీలో కూర్చుంటాడంటారు. నిజానికి చూడ్డానికొచ్చినవాళ్లకు కనిపించేది చాలా తక్కువ.

అన్నిటికన్నా ముందు రిజిస్టరు. మ్యూజియం వాళ్లు దాన్ని యాక్సెషన్ రిజిస్టరు అంటారు. వస్తువు గడప దాటి లోపలికి రాగానే అందులో ఎక్కాలి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఊరికే ఇచ్చారా, చూపించి తిరిగిమ్మన్నారా, కొలతలెంత, ఎక్కడ పగులుంది, ఏ బీరువాలో ఏ అరలో పెట్టారు... అన్నీ. ప్రతి వస్తువుకూ ఓ నంబరు. 2026.7.3 అని ఉంటే 2026లో ఏడో దాత ఇచ్చినవాటిలో మూడోదని అర్థం. ఆ నంబరును వస్తువు మీద కంటికి ఆనని చోట రాయాలి. అదీ నేరుగా కాదు. ముందు పారదర్శకమైన పూత వేసి, దాని మీద సన్నగా రాయాలి. రేపు తీసేయాలంటే మచ్చ పడకుండా రావాలి. గుడ్డకయితే నంబరు రాసిన పట్టీని దారంతో కుట్టాలి.

చెప్పుకోవడానికి చిన్నపనే. కానీ 500 వస్తువులకు ఇది చేయడమంటే నెలల తరబడి పని. చప్పట్లుండవు, ఫొటోలుండవు. ఆదివారం వచ్చే ఔత్సాహికుడు పిల్లలకు కథలు చెప్పడానికి ముందుకొస్తాడు. రిజిస్టరు ముందు కూర్చోమంటే ‘వచ్చేవారం చూద్దాం’ అంటాడు. అతని తప్పు కాదది. సరదా లేని పని రోజూ చేయించేది జీతమే.

ఆ పని జరగకపోతే? ఇచ్చినాయన పోయాక కొడుకులొచ్చి ‘మా నాన్న చూపించడానికి ఇచ్చాడు, మీకు రాసివ్వలేదు’ అంటారు. కాగితం లేదు. ఉన్న వస్తువేమో ఎవరిదో తెలియదు. ఆ భోషాణం పెళ్లికి సారెగా పడవలో వచ్చిందని మేష్టారికి తెలుసు. ఆయన చెప్పినంతకాలం అది చరిత్ర. ఆయన తర్వాత ఓ పాత పెట్టె! వస్తువు పోతే పోలీసు కేసవుతుంది. కథ పోతే ఎవరూ కేసు పెట్టరు. అసలు పోయిందనే తెలియదు.

చింతపండుతో తోమితే...

ప్రేమ కూడా నష్టం చేస్తుంది. పండగ ముందు మ్యూజియం శుభ్రం చేద్దామని నలుగురు కుర్రాళ్లు వస్తారు. నల్లబడిన కంచు విగ్రహం, పచ్చని చిలుము పట్టిన రాగిరేకు కనిపిస్తాయి. ఇంట్లో అమ్మ చేసినట్టే చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు. ఎంత బాగుందో అనుకుంటారు. ఆ పై పొర వస్తువు వయసుకు సాక్ష్యం. కొన్నిసార్లు లోపలి లోహానికి రక్షణ కూడా. అది పోతే మళ్లీ రాదు. రాగిరేకు మీద సన్నగా చెక్కిన అక్షరం అంచులూ అరిగిపోతాయి.

తాటాకుల సంగతీ అంతే. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం బీరువా మూసి వదిలేస్తే బూజు. గోడకు ఆనించి పెడితే చెదలు. తాళపత్రాలను మెత్తని కుంచెతో దులిపి, నిమ్మగడ్డి నూనె పట్టించి, పైనా కిందా చెక్కలు పెట్టి, గుడ్డలో చుట్టి ఉంచడం తెలిసిన పద్ధతి. కానీ ఏ ఆకుకు నూనె రాయవచ్చు, ఏది ముట్టుకుంటే విరిగిపోతుందో చేయి తిరిగినవాళ్లు చెప్పాలి. దేశంలోని రాతప్రతుల కోసం 2003లో జాతీయ మిషన్ మొదలైనప్పటి నుంచి ఇలాంటి శిక్షణలకు వీలు దొరికింది. ‘జ్ఞాన భారతం’ పేరుతో 2025లో ఆ పని మళ్లీ కొత్తగా మొదలైంది.

ఇక నీళ్లు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను ఈ ప్రాంతంలో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకూల్చింది. ఏటి పక్క ఊళ్లో మ్యూజియం పెడితే వరద హెచ్చరిక రాగానే ఏ వస్తువును ముందు పైకి చేర్చాలో రాసిపెట్టుకోవాలి. ఎవరు రావాలో కూడా రాసుకోవాలి. అర్ధరాత్రి గట్టు మీద ఇసుక బస్తాలు వేయడానికి ఊరంతా పరుగెడుతుంది. మ్యూజియం తలుపు తీయడానికి వచ్చేదెవరు? అది ‘అందరి’ పని అయితే ఎవరి పనీ కాదు.

ఊరికే పనిచేయగలిగేదెవరు?

మనకు అంతగా తట్టని ప్రశ్న ఇంకోటుంది. జీతం లేకుండా వారానికి మూడురోజులు మ్యూజియంలో కూర్చోగలిగేది ఎవరు? పింఛను వచ్చేవాళ్లు. ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లు. కొబ్బరిచెట్టెక్కి దింపు తీసేవాడి కూతురు డిగ్రీలో చరిత్ర చదివి ఉండొచ్చు. ఆ అమ్మాయికి మ్యూజియం మీద ఇష్టమూ ఉండొచ్చు. కానీ ఊరికే పనిచేయమంటే ఆమె ఎలా రాగలదు? బస్సు ఛార్జీ ఎవరిస్తారు? ‘మనసుంటే వస్తారు’ అనడం తేలిక. మనసుతోబాటు తీరిక కూడా ఉండాలి. తీరిక అందరికీ ఒకేలా దొరకదు.

దీని ప్రభావం ఎక్కడ పడుతుందో చూడండి. మ్యూజియంలోకి ఏ వస్తువులు రావాలో నిర్ణయించేది అక్కడ కూర్చున్నవాళ్లే. వాళ్లకు తెలిసిన ఇళ్ల నుంచే అవి వస్తాయి. జమీందారు పల్లకీ వస్తుంది. దాన్ని మోసిన బోయీల భుజం మెత్త రాదు. వెండి కుంకుమభరిణె వస్తుంది. దింపు తీసేవాడి నడుముకు కట్టుకునే మోకు రాదు. నాట్లేసిన ఆడవాళ్లు తలమీద వేసుకున్న తాటాకు గూడ రాదు. పంటు నడిపినవాళ్ల తెడ్డు రాదు. జొన్నాడ దగ్గర వంతెన లేని రోజుల్లో రావులపాలెం వైపు గౌతమి దాటించింది అలాంటి చేతులే! ఊరి మ్యూజియంలో ఊళ్లో సగం కనిపించకుండా పోతే అది ఎవరి మ్యూజియం?

అందుకే జీతం ప్రశ్న లెక్కల ప్రశ్న ఒక్కటే కాదు. ఊరి కథ ఎవరు చెప్పాలన్న ప్రశ్న కూడా.

ఆంధ్రప్రదేశ్‌లో ‘వలంటీరు’ అన్న మాటకు మధ్యలో ఇంకో అర్థం వచ్చింది. 2019లో యాభై ఇళ్లకొకరు చొప్పున గ్రామ, వార్డు వలంటీర్లను ప్రభుత్వం పెట్టింది. నెలకు 5,000 రూపాయలిచ్చారు. దాన్ని గౌరవ వేతనం అన్నారు. 2024 తర్వాత ఆ ఏర్పాటు కొనసాగలేదు. మంచిచెడ్డల చర్చ పక్కన పెడితే, అది ఒక విషయం మాత్రం అందరికీ అర్థమయ్యేలా చేసింది. పని రోజూ ఉండి, పై నుంచి అడిగేవాళ్లుండి, నెలాఖరుకు ఎంతోకొంత చేతికొస్తున్నప్పుడు దాన్ని ఏ పేరుతో పిలిచినా చేసేవాళ్లు ఉద్యోగంగానే చూస్తారు. ఆ సంగతి ముందే ఒప్పుకుని మాట్లాడుకుంటే తర్వాత మనస్పర్థలుండవు.

ఇద్దరూ ఉంటేనే బండి

అలాగని ఔత్సాహికులు వద్దా? వద్దనుకుంటే చిన్న మ్యూజియమే లేదు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో తాలిథ్లిన్ అనే చిన్న రైలు మార్గం ఉంది. మూతపడబోతున్న దాన్ని 1951లో కొందరు అభిమానులు చేతుల్లోకి తీసుకున్నారు. ప్రపంచంలో స్వచ్ఛంద సేవకులు నిలబెట్టిన మొదటి రైలు మార్గంగా దానికి పేరు. ఇప్పటికీ టిక్కెట్లివ్వడం, జెండా ఊపడం, పట్టాల పక్క కలుపు తీయడం లాంటి ఎన్నో పనులకు ఔత్సాహికులే వస్తారు. అయితే వాళ్లతోబాటు జీతం తీసుకునే కొద్దిమంది సిబ్బందీ ఉంటారు. రైలు రేపు కూడా నడవాలంటే ఆ కొద్దిమంది ఉండాల్సిందేనని అభిమానులే ఒప్పుకున్నారు. స్వచ్ఛంద సేవకులు సిబ్బందికి తోడుగా ఉండాలేగానీ, సిబ్బంది ఖర్చు తప్పించుకునే దారి కాకూడదన్నది ఆ దేశపు మ్యూజియం రంగంలో తరచూ వినిపించే మాట.

మన కడపలోనూ అలాంటి పాఠమే ఉంది. తెలుగు కోసం సీపీ బ్రౌన్ పనిచేసిన బంగళా శిథిలమైపోయింది. అధ్యాపకుడైన జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ చోట బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. గడప గడపకూ తిరిగి చందాలు తెచ్చారు. పుస్తకాలు అడిగి తెచ్చారు. 1995లో గ్రంథాలయం తెరుచుకుంది. ఆయన అక్కడితో ఆగి ఉంటే అదీ ఒక మనిషి చుట్టూ తిరిగే సంస్థగానే మిగిలేది. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2014లో శాస్త్రిగారు కన్నుమూశారు. గ్రంథాలయం తలుపులు మూతపడలేదు. తాను లేని రోజును తానున్నప్పుడే ఆలోచించడం... పెద్ద ఔత్సాహికుడి లక్షణం అదే.

తెలంగాణలో కొత్త తెలంగాణ చరిత్ర బృందం పేరుతో చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లు గుట్టలూ చెరువుగట్లూ తిరుగుతున్నారు. ఆదిమానవుల బొమ్మలు, శాసనాలు, విగ్రహాలు వెతికి, ఫొటోలు తీసి, చదివి లోకానికి చెబుతున్నారు. వెతకడం, గుర్తించడం, స్థానికులతో మాట్లాడటం... ఏ శాఖలో ఎంతమంది సిబ్బంది ఉన్నా ఈ పనిని అభిమానులంత బాగా చేయలేరు. కాపలా, రిజిస్టరు, తాళం మాత్రం వాళ్ల మీద వేయకూడదు.

ఆలమూరులో అయితే...

ఆలమూరు లాంటి ఊళ్లో రేపు ఇలాంటి ఆలోచన మొదలైతే ఎలా ఉండాలి? ముందు పనిని రెండుగా విడగొట్టాలి.

ఇష్టమున్నవాళ్లు చేయగలిగేవి ఓ పక్క. ఇంటింటికీ తిరిగి వస్తువుల కథలు రాసుకోవడం. పెద్దవాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేయడం. బడిపిల్లలకు చూపించి చెప్పడం. పాత పత్రాల్లోని అక్షరాలు చదవడం. చింతలూరు వైద్యుల ఇళ్లలో వాడిన కల్వం గురించో, దింపు తీసే మోకు పేనడం గురించో తెలిసినవాళ్లతో ఓ సాయంత్రం మాట్లాడించడం. రిటైరైన మేష్టార్లకు ఇవన్నీ కొట్టినపిండి.

రోజూ జరగాల్సినవి ఇంకో పక్క. తలుపు తీయడం, మూయడం, లెక్క చూడటం, తుడవడం, చెదలు చూడటం, రిజిస్టరు రాయడం. వీటికి సగం రోజు పనైనా సరే జీతమిచ్చి ఒకరిని పెట్టాలి. ఊళ్లో చదువుకున్న అమ్మాయికో, అబ్బాయికో అది మొదటి ఉద్యోగమవుతుంది.

డబ్బెక్కడిది? ఇక్కడే మన అలవాటు మార్చుకోవాలి. గోదావరి జిల్లాల్లో గుడికి, బడికి, కల్యాణ మండపానికి లక్షలిచ్చే చేతులకు లోటు లేదు. కాకపోతే అందరూ గది కట్టిస్తామంటారు. గది మీద శిలాఫలకం ఉంటుంది కదా! ఎవరి జీతం మీదా శిలాఫలకం వేయలేం. ‘ఏడాది జీతం ఫలానావారి జ్ఞాపకార్థం’ అని రిజిస్టరు మొదటి పేజీలో రాస్తే? విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఊరికి ఏదైనా చేస్తామన్నప్పుడు ఇంకో బీరువా అడక్కుండా, బ్యాంకులో వేసే మూలధనం అడిగితే? దాని వడ్డీతో తలుపు తెరుచుకుంటుంది.

ఈ రెండూ కుదరకపోతే మూడో దారి కూడా గౌరవమైనదే. మ్యూజియం పెట్టకపోవడం! వస్తువులకు ఫొటోలు తీసి, కథలు రాసి, జాబితా తయారుచేసి, విలువైనవాటిని రాజమండ్రి, కాకినాడ మ్యూజియాలకు కాగితం రాసి అప్పగించడం. తాళం వేసిన గదిలో చెదలు తినడం కన్నా పక్క ఊళ్లో పదిమంది చూడటం మేలు కదా.

ఊరి మ్యూజియం పెట్టేముందు...

* వస్తువు తీసుకునేటప్పుడే దాతతో సంతకం చేయించండి. శాశ్వతంగా ఇచ్చారా, కొంతకాలానికా అన్నది స్పష్టంగా ఉండాలి. ఆ కాగితానికి రెండు ప్రతులు.

* రిజిస్టరు చేత్తో రాసిన పుస్తకంగా ఒకటి, కంప్యూటరులో ఒకటి. రెండూ ఒకే గదిలో ఉంచకండి. ప్రభుత్వ మ్యూజియాల సేకరణల కోసం సీ-డాక్ ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దాంట్లో ఏయే వివరాలు అడుగుతారో చూస్తే మీ రిజిస్టరుకు నమూనా దొరుకుతుంది.

* తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. వాళ్లిద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

* 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువులే. విగ్రహాల్లాంటి కొన్ని రకాలను తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి.

* పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో నాణేలు, విగ్రహాలు బయటపడితే నేరుగా మ్యూజియంలో పెట్టేయకూడదు. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏదైనా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

* లోహపు వస్తువుల్ని తోమకండి. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. అంతకుమించి చేయాలంటే పురావస్తు శాఖవాళ్లనడగండి.

* స్వచ్ఛందంగా వచ్చేవాళ్లకు ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ పని అన్నది రాసివ్వండి. బస్సు ఛార్జీ, టీ ఖర్చు ఇవ్వండి. రాలేని రోజు ముందే చెప్పేలా చూడండి. మానేస్తామంటే మర్యాదగా సాగనంపండి.

రాళ్లబండి సుబ్బారావు పోగుచేసిన శిల్పాల్ని ఇవాళ గోదావరి గట్టున ఎవరైనా చూడొచ్చు. జయంతి రామయ్య పంతులు కాలంనాటి తాళపత్రాల కోసం ఇవాళ్టికీ పరిశోధకులు కాకినాడ వెళుతున్నారు. జీతం తీసుకోనివాళ్లు మొదలుపెట్టి, జీతం తీసుకునేవాళ్లు కాపాడుతున్న సంపద అది. ఊళ్లో ఎవరైనా మేష్టారు ‘మనమూ ఓ మ్యూజియం పెడదామా’ అని అడిగితే తప్పకుండా సరేననాలి. ఆ వెంటనే ఇంకో మాట కూడా అడగాలి. మీ తర్వాత తలుపు తీసేది ఎవరండీ అని.